పర్ణశాల నుండి అశోకవనానికి : లంకాయాత్రికులకు ఒక ఆరోగ్య పాఠం

పర్ణశాలలో సీతమ్మవారు నారచీరలు ఆరవేసిన గుర్తులని చూపే రాళ్లను కన్నవారికి, ఆ తల్లిని కొనిపోయిన లంకను కూడ ఒక్కసారి చూచి రావలెనన్న కోరిక పుట్టడం సహజం. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరాన, గోదావరి ఒడ్డున ఆ కథ మలుపు తిరిగినదని మన విశ్వాసం. శ్రీలంకలో నువర ఎలియ పట్టణానికి సమీపాన ఉన్న సీత ఎలియ గ్రామంలో, సెలయేటి ఒడ్డున గల అమ్మవారి గుడి వద్దనే అశోకవనం ఉండేదని అక్కడివారి విశ్వాసం. చారిత్రకులు ఈ రెండు స్థలాలను అంగీకరింతురా లేదా అన్నది మన పాఠానికి చెందని విషయం. ఇక్కడ నుండి అక్కడికి వెళ్లివచ్చే గృహస్థులు ఇటీవల ఎక్కువైనారు. వారిలో చాలమంది నడివయస్సు దాటినవారు, మధుమేహమో రక్తపోటో ఉన్నవారు. ఈ అడవి అంచున వైద్యం చేసుకొనే నా వద్దకు వచ్చి, "ప్రయాణానికి ఏమి చూర్ణం ఇస్తారు?" అని అడుగుతారు.

ఆ దేశంలో మనకు ఏ జబ్బు పట్టుకొంటుందో అని అందరూ భయపడతారు. మన నుండి ఆ దేశానికి ఏమి పోతుందో అని అడిగినవారు మాత్రం ఒక్కరూ లేరు. చాలాకాలం నేను కూడ ఆ ప్రశ్న వేసుకొనలేదు. వేసుకొనక చేసిన తప్పును ఈ పాఠంలోనే చెప్పుకొంటాను. ముందుగా దేశ స్వభావం తెలిసికొందాము.

దేశ భేదం

ఆయుర్వేదం భూమిని జాంగల, ఆనూప, సాధారణ దేశాలని మూడుగా విభజించింది. నీరు, చెట్లు తక్కువై గాలి, ఎండ ఎక్కువగా ఉన్నది జాంగలం. నీరు, చెమ్మ, దట్టమైన చెట్లు కలది ఆనూపం. రెండూ సమంగా ఉన్నది సాధారణం. శ్రీలంక చిన్న ద్వీపమే గాని అందులో ఈ భేదాలన్నీ ఉన్నవి. కొలంబో, గాలె వైపు నైరుతి తీరం అచ్చమైన ఆనూపం. అనూరాధపురం, యాళ్పాణం వైపు సంవత్సరంలో చాల నెలలు పొడిగా ఉంటుంది. నడుమ ఉన్న నువర ఎలియ సముద్రమట్టానికి 1,860 మీటర్లకు పైగా ఎత్తున ఉండి, రాత్రివేళ ఉన్ని దుస్తులు కోరుతుంది.

కొత్తగూడెం ఎండలకు అలవాటుపడిన మాకు కొలంబో ఎండ ఒక లెక్కా అని కొందరు అంటారు. ఇది పొరపాటు. మన వేసవిలో గాలి పొడిగా ఉంటుంది గనుక చెమట పుట్టిన వెంటనే ఆరిపోయి, ఆరుతూ శరీరాన్ని చల్లబరుస్తుంది. కొలంబోలో ఉష్ణమానం 30, 31 డిగ్రీలే ఉన్నప్పటికి గాలి నిండా తేమ ఉండుటచేత చెమట ఆరదు, ఒడలు చల్లబడదు. కారిన చెమటతో ఉప్పు, నీరు మాత్రం పోతూనే ఉంటాయి. అందుచేత అక్కడ తలతిరుగుడు, కండరాలు పట్టుకొనుట, నీరసం మన ఊరి ఎండలో కంటె తొందరగా వస్తాయి. దాహం వేసేదాకా ఆగక గంటకొకసారి నీరు త్రాగవలెను. పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు, కాస్త జీలకర్ర పొడి కలుపుకొన్నచో మరింత మేలు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయంలో తమ వైద్యుని మాటనే పాటించవలెను. నూలు బట్టలు, వదులు బట్టలు కట్టవలెను. గజ్జలలో, చంకలలో చెమ్మ నిలువకుండ తుడుచుకొనవలెను. ఆనూప దేశంలో తామర పుట్టడానికి నాలుగు రోజులు చాలు.

కాల నిర్ణయం

ఆ ద్వీపానికి రెండు వానకాలాలు. మే నుండి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనం కొలంబోను, పశ్చిమపు కొండలను తడుపుతుంది. డిసెంబరు నుండి ఫిబ్రవరి దాకా ఈశాన్య ఋతుపవనం త్రికోణమలై వైపు వాన కురిపిస్తుంది. అక్టోబరు, నవంబరులలో దాదాపు అంతటా వానలే. సీత ఎలియ, కాండీ చూడదలచినవారికి జనవరి నుండి మార్చి దాకా మంచి కాలం. త్రికోణమలైలో కోణేశ్వరుని దర్శించదలచినవారికి మే నుండి సెప్టెంబరు మేలు. రెండూ ఒకే యాత్రలో కావలెనంటే ఏదో ఒకచోట గొడుగు విప్పక తప్పదు.

కార్తీక మాసం పుణ్యకాలమని నవంబరులో బయలుదేరేవారికి ఒక మాట. 2025 నవంబరు చివర దిత్వా తుపాను వచ్చినప్పుడు ఆ కొండ జిల్లాలలోనే చరియలు విరిగిపడి వందలమంది మరణించారు. ఆ నెలలో కొండదారి పట్టవద్దనే నా సలహా. భద్రాద్రిలో నవమి కల్యాణం చూచుకొని ఏప్రిల్‌లో వెళ్లేవారు కూడ ఒకటి గమనించవలెను. 13, 14 తేదీలలో సింహళులకు, తమిళులకు సంవత్సరాది. చాల దుకాణాలు మూసి ఉంటాయి, నువర ఎలియలో బస దొరకదు.

రెండు వారాల ముందే ఆరంభం

ప్రయాణం విమానం ఎక్కిననాడు మొదలుకాదు. అలవాటైనదాన్ని ఒక్కసారిగా విడువక పావువంతు చొప్పున విడుస్తూ, క్రొత్తదాన్ని పావువంతు చొప్పున చేర్చుకొనే పద్ధతిని చరకుడు చెప్పాడు. దానినే పాదాంశిక క్రమం అంటారు. లంకలో కూరలన్నీ కొబ్బరిపాలతోను, కొబ్బరినూనెతోను వండుతారు. వేరుశనగనూనెకు, నువ్వులనూనెకు అలవాటైన కడుపు మొదటి రెండు రోజులలోనే మొరాయిస్తుంది. బయలుదేరడానికి రెండు వారాల ముందు నుండి ఇంట్లో రోజుకొక కూరలో కొబ్బరి చేర్చి, క్రమంగా పెంచవలెను. ఒకపూట ముడిబియ్యపు అన్నం తినడం కూడ అలవాటు చేసికొన్నచో అక్కడి ఎర్రబియ్యం బరువు చేయదు.

మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు మందులు వాడేవారు ప్రయాణపు రోజులకంటె ఒక వారం ఎక్కువ మందు కొని, సగం చేతిసంచిలో, సగం పెట్టెలో ఉంచుకొనవలెను. వైద్యుని చీటీ వెంట ఉండవలెను. ధనుర్వాతపు టీకా వేయించుకొని ఎంతకాలమైనదో చూచుకొనవలెను. సన్నిపాత జ్వరం, కామెర్లకు సంబంధించిన టీకాల విషయం కుటుంబ వైద్యుని అడిగి తేల్చుకొనవలెను. వీసా నిబంధనలు తరచు మారుతుంటాయి గనుక, టికెట్టు కొనకముందే ఆ దేశపు అధికార ప్రకటన చూచుకొనుట మంచిది.

నా చీటీ చేసిన పని

ఇక అసలు విషయానికి వస్తాను. కరోనాకు ముందు మాట. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయ దంపతులు లంకకు వెళ్తూ నా సలహా కోరారు. వారికి నేలవేము ప్రధాన ద్రవ్యంగా గల సుదర్శన చూర్ణం పొట్లం కట్టి ఇచ్చి, "జ్వరం వచ్చిన యెడల చెంచాడు చొప్పున ఉదయం సాయంత్రం వేడినీటితో మూడు రోజులు" అని చీటీ వ్రాశాను. వారు బయలుదేరడానికి పది రోజుల ముందు బంధువులతో చింతూరు వైపు అడవిలో కార్తీక వనభోజనాలకు వెళ్లి, రెండు రాత్రులు ఆరుబయట నిద్రించారని నాకు తెలియదు. నేను అడగలేదు.

లంకలో మూడవనాడు, నువర ఎలియలో, మాస్టారుకు చలి పట్టింది. కొండప్రదేశపు చలి అనుకొన్నారు. మరునాడు జ్వరం. మందు ఉన్నది గదా అని నా చీటీ ప్రకారం చూర్ణం తీసికొన్నారు. చీటీలో మూడు రోజులన్నాను గనుక మూడు రోజులు ఆగారు. మంచి విద్యార్థివలె అక్షరం తప్పక పాటించారు. నాలుగవనాడు ఆయనకు మాట తడబడుతుంటే అమ్మగారు భయపడి ఆసుపత్రికి తీసికొనిపోయినారు. అక్కడి వైద్యురాలు నాడి చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడికి రాకముందు మీరు ఎక్కడ ఉన్నారు?" అని. ఆ ప్రశ్న నేను అడగవలసినది. రక్తపరీక్షలో ఫాల్సిపారం మలేరియా తేలింది. మన దోమ కుట్టినది, మన అడవిలో పట్టినది, సముద్రం దాటిపోయినది.

సకాలంలో మందు పడింది గనుక ఆయన బ్రతికారు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అమ్మగారు తిరిగివచ్చి చెప్పిన మరొక సంగతి నన్ను ఎక్కువగా కదిలించింది. ఆరోగ్యశాఖ వారు వచ్చి, మాస్టారు ఏ ఊళ్లలో ఏ రాత్రి ఎక్కడ పడుకొన్నారో వ్రాసికొని, ఆ బసల చుట్టూ దోమలను వెదకి, అక్కడివారి రక్తం పరీక్షించినారట. ఒక్క మనిషి జ్వరానికి ఇంత హడావుడి ఎందుకని ఆమె ఆశ్చర్యపోయింది.

ఎందుకో తెలియాలంటే ఆ ద్వీపం పడిన బాధ తెలియవలెను. 1934, 35 సంవత్సరాలలో వచ్చిన మలేరియాకు అక్కడ సుమారు 80,000 మంది బలి అయినారు. తరువాత మందుల పిచికారీతో వ్యాధి తగ్గి, 1963లో దేశం మొత్తం మీద 17 మందికే సోకింది. ఇక పోయినదని ఏమరుపాటు చెందగా కొద్దియేండ్లలోనే, 1968, 69 నాటికి, లక్షల సంఖ్యలో తిరగబెట్టింది. మళ్లీ దశాబ్దాల పాటు శ్రమించి, 2012 అక్టోబరు తరువాత స్థానికంగా పుట్టిన కేసు లేకుండ చేసికొన్నారు. 2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ధ్రువీకరించింది. అయితే వ్యాధి పోయినది గాని, దానిని మోసే దోమ పోలేదు. రక్తంలో క్రిమి ఉన్న ఒక్క యాత్రికుని ఆ దోమ కుట్టి, మరొకరిని కుడితే మళ్లీ మొదలు. 2018 చివరలో పనికై వచ్చిన ఒక విదేశీయుని నుండి స్థానికునికి ఆ విధంగానే సోకింది. వెంటనే పట్టుకొన్నారు గనుక అంతటితో ఆగింది.

కనుక భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, చింతూరు, మారేడుమిల్లి అడవులలో నివసించేవారు, పాపికొండల విహారానికి వెళ్లి రాత్రి నదీతీరాన నిద్రించినవారు ఈ నియమాలు విధిగా పాటించవలెను. గత నెలలో ఏ కొద్దిపాటి జ్వరం వచ్చి ఉన్నను బయలుదేరకముందే రక్తపరీక్ష చేయించుకొనవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం. మలేరియాకు మందు వాడుతున్న యెడల అది పూర్తయ్యేవరకు ప్రయాణం వాయిదా వేయవలెను. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో నిద్రాణంగా ఉండి నెలల తరువాత లేవగలదు. దానిని నిర్మూలించడానికి ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రను సాధారణంగా 14 రోజులు వాడమంటారు. జ్వరం తగ్గినదని అయిదవనాడే మానివేసేవారిని నేను చాలమందిని చూచాను. గర్భిణులకు ఆ మాత్ర ఇవ్వరు. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవారికి అది రక్తాన్ని విరుస్తుంది గనుక, వైద్యుని పర్యవేక్షణ లేక ఎవరూ వాడరాదు.

తృతీయకం, చతుర్థకం మొదలైన విషమజ్వరాలను మన గ్రంథాలు చక్కగా వర్ణించాయి. నేలవేము చేదుకు జ్వరాన్ని తగ్గించే గుణం ఉన్నదని నా నమ్మకం. ఐనను రక్తంలోని ఫాల్సిపారం క్రిమిని చంపే పని దానికి అప్పగించరాదు. అందుకు ఆర్టెమిసినిన్ కలిగిన మందులే కావలెను. ఆ మందు కూడ ఒక మూలిక నుండి వచ్చినదే. ప్రాచీన చీనా వైద్యగ్రంథం చదివి దానిని వెలికితీసిన తు యూయూ అనే శాస్త్రవేత్తకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. మూలికలను నమ్మేవాడు ఆ మాత్రను కాదనవలసిన పని లేదు.

మాస్టారు వచ్చిన తరువాత నా చీటీలను మార్చాను. ఇప్పుడు వాటి మీద మొదటి పంక్తి ఇది: "జ్వరం వచ్చిన మొదటి రోజే రక్తపరీక్ష. భద్రాచలం అడవి ప్రాంతం నుండి వచ్చినామని వైద్యునికి చెప్పవలెను."

పగటి దోమ

అక్కడ నుండి మనం తెచ్చుకొనగల జబ్బు డెంగ్యూ. 2017లో ఆ చిన్న దేశంలో 1,86,000 మందికి పైగా డెంగ్యూ బారిన పడ్డారు. ఈ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా ఉదయం, సాయంకాలపు ముందు వేళలలో. పట్టణాల్లో, పూలకుండీలలో, కూలర్లలో పెరుగుతుంది. కనుక రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. పగలు నిండు చేతుల చొక్కా, పాదాలు కప్పే మేజోళ్లు ధరించవలెను. కొబ్బరినూనెలో వేపనూనె కలిపి పూసుకొనుట మన ఇళ్లలో ఉన్న అలవాటే. అది కొంత పనిచేస్తుంది గాని చెమటకు త్వరగా పోతుంది, గంట గంటకు పూయవలెను. వానకాలపు ప్రయాణంలో అంగడిలో అమ్మే దోమల నివారణ లేపనమే నమ్మదగినదని నా అభిప్రాయం.

డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడరాదు, రక్తస్రావం కావచ్చును. జ్వరానికి పారాసెటమాల్ తగినంత మాత్రమే. బొప్పాయి ఆకు రసం త్రాగించి ఇంట్లో కూర్చొనే పద్ధతి ప్రబలింది. రసం త్రాగినా త్రాగకపోయినా రోజూ రక్తపరీక్ష మానరాదు. మూడవనాటి తరువాత జ్వరం దిగుతున్న వేళనే ప్రమాదం ఎక్కువ. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మగత, చేతులు కాళ్లు చల్లబడుట, మూత్రం తగ్గుట కనిపించిన యెడల నిమిషం ఆలస్యం చేయరాదు.

మన హైదరాబాదులో 2005లో ఆరంభమైన 108 వంటిదే అక్కడ 1990 నంబరుతో సువసరియ అనే ఉచిత అంబులెన్సు ఉన్నది. భారత ప్రభుత్వ సహాయంతో, మన 108ని నడిపిన సంస్థ సాంకేతిక సహకారంతో 2016లో మొదలైంది. ఈ నంబరును జేబులోని కాగితంపై వ్రాసి ఉంచుకొనవలెను.

ప్రయాణపు సంచి

శొంఠిపొడి, వాము, జీలకర్ర, ధనియాలు, యాలకులు, ఎండు ఉసిరిక, ఈసబ్‌గోలు, ఓఆర్ఎస్ పొట్లాలు. ఈ మాత్రం చాలు. కాండీ నుండి నువర ఎలియకు పోయే దారి మెలికలు తిరిగిన కొండదారి. వాంతులయ్యేవారు బయలుదేరడానికి అరగంట ముందు పావుచెంచా శొంఠిపొడి బెల్లంతో నమలి, బండిలో ముందు వరుసలో కూర్చొనవలెను. మధుమేహులు బెల్లం లేకుండ గోరువెచ్చని నీటితో తీసికొనవలెను. ఖాళీ కడుపు గాని, నిండు కడుపు గాని పనికిరాదు.

విరేచనాలు పట్టుకొన్నప్పుడు కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా త్రాగవలెను. చెంచా అనగా చిన్న టీచెంచా, తలకొట్టి కొలవవలెను. ఉప్పు ఎక్కువైతే హాని. మలంలో రక్తం పడినను, జ్వరం తోడైనను, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినను గృహవైద్యం కట్టిపెట్టి ఆసుపత్రికి పోవలెను.

మందులు తీసికొనిపోయే విషయంలో మన ఆయుర్వేద ప్రియులు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. పేరు లేని పొడులు కాగితపు పొట్లాలలో కట్టుకొనిపోతారు. విమానాశ్రయంలో అధికారి దానిని చూచి ఏమనుకొంటాడో ఊహించండి. ముద్రవేసిన డబ్బాలో, పేరు కనబడేట్లు, వైద్యుని చీటీతో ఉండవలెను. పాదరసం, సీసం చేరిన భస్మాలు, విజయ చేరిన లేహ్యాలు వెంట తీసికొనిపోరాదు. పచ్చి వేళ్లు, విత్తనాలు, మొక్కలు కూడ వద్దు. అరిష్టాలు, కషాయాల సీసాలు పెట్టెలోనే పెట్టవలెను. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాన్ని అనుమతించరు.

అక్కడి పథ్యం

ఆయుర్వేదం మీద అభిమానం ఉన్నవారికి లంక పుట్టింటివలె తోస్తుంది. కొలంబో సమీపాన నావిన్నలో 1962లో స్థాపించిన ఆయుర్వేద పరిశోధనా సంస్థ ఉన్నది. అనూరాధపురం దగ్గరి మిహింతలేలో తొమ్మిదవ శతాబ్దపు ఆసుపత్రి శిథిలాలున్నవి. రోగిని తైలంలోనో కషాయంలోనో పడుకోబెట్టడానికి మనిషి ఆకారంలో తొలిచిన రాతి తొట్టి అక్కడ చూడవచ్చును. దేవాలయాల వెంట పరుగెత్తేవారు ఒక పూట దీనికి కేటాయించిన మంచిది.

పానీయాలలో మన మూలికలే వేరు పేర్లతో కనబడతాయి. వారి బెలిమల్ మన మారేడు పువ్వు. ఇరముసు మన సుగంధిపాల. గొటుకొల మన సరస్వతి ఆకు, పచ్చడివలె అన్నంలో వడ్డిస్తారు. శుభ్రంగా కడిగినదో లేదో తెలియనిచోట ఆ పచ్చి ఆకు తినరాదు. జలుబుకు ధనియాలు, శొంఠి ముఖ్యంగా గల అయిదు వస్తువుల కషాయాన్ని పస్పంగువ అంటారు. వేడిగా త్రాగితే నిజంగా హాయి. తంబిలి అనే నారింజరంగు కొబ్బరిబొండం ఎండకు మంచి మందు. ముందే గ్లాసులో పోసి ఉంచినది గాక, ఎదుట కొట్టించుకొని త్రాగవలెను. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి అందులోని పొటాషియం చేటు చేయును.

మన ఏజెన్సీలో కల్లు గీసే జీలుగు చెట్టునే వారు కితుల్ అంటారు. దాని నీరాను కాచి పాకం, బెల్లం చేస్తారు. గేదె పెరుగు మీద ఆ పాకం పోసి ఇస్తే వద్దనుట కష్టం. ఇది మధుమేహులకు పనికివస్తుందని అంగడివాడు చెప్పవచ్చును. చెట్టు మారినను చక్కెర చక్కెరే. నమ్మవద్దు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కొబ్బరి సంబోల్ అనే పచ్చడిలోను, కొన్ని కూరలలోను ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలుపుతారు. చూడడానికి తెలియదు. "నిర్మాంశ" అన్న మాట సింహళంలో శాకాహారానికి చెల్లుతుంది, తమిళులతో "సైవం" అనవలెను. అన్నవెంటనే "ఉంబలకడ వద్దు" అని కూడ చేర్చవలెను. వేడినీటిని "ఉణు వతుర" అంటారు. ఈ రెండు మాటలు వచ్చినచో పూట గడుస్తుంది. తెలుగు వినబడదనుకొనవద్దు. పాములాడించే అహికుంటిక జనులు అక్కడ తరతరాలుగా ఒకరకం తెలుగు మాట్లాడుతున్నారు. కాండీని ఏలిన చివరి రాజులు కూడ మన నాయకరాజ వంశీయులే.

తైలమర్దన శాలలు అడుగడుగునా ఉంటాయి. భోజనం చేసిన వెంటనే గాని, అజీర్ణంలో గాని, జ్వరం ఆరంభంలో గాని అభ్యంగం నిషిద్ధం. ప్రయాణపు బడలిక అనుకొని జ్వరపు ఒళ్లు నొప్పులకు మర్దన చేయించుకొన్నవారు ఉన్నారు. బౌద్ధాలయాలలో మోకాళ్లు, భుజాలు కప్పుకొని, పాదరక్షలు, టోపీ తీసి పోవలెను. బుద్ధునికి వీపు చూపి ఫోటో దిగరాదు. మధ్యాహ్నపు రాతినేల కాలుతుంది గనుక మేజోళ్లు తొడుగుకొనుట మేలు. పున్నమినాడు అక్కడ సెలవు దినం, చాల దుకాణాలు తెరవరు. మందులు ముందురోజే కొనిపెట్టుకొనవలెను.

తిరిగి వచ్చిన పిదప

వచ్చిన రెండు వారాలలో జ్వరం తగిలిన యెడల డెంగ్యూ పరీక్ష, మలేరియా పరీక్ష రెండూ చేయించుకొనవలెను. జ్వరం ఉన్న వారం పగలు కూడ దోమతెరలోనే ఉండవలెను. మన ఇంటి దోమ ఆ రోగిని కుట్టి పక్కింటికి మోయగలదు. వరిపొలాల బురదలో, వరదనీటిలో నడిచి వచ్చినవారికి జ్వరం, పిక్కల నొప్పి, కండ్ల ఎరుపు కలిసి వచ్చినచో ఎలుక మూత్రం వలన వచ్చే జ్వరం కావచ్చును. ఆ సంగతి కూడ వైద్యునికి చెప్పవలెను. కుక్కగాని కోతిగాని కరిచిన యెడల గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, అక్కడనే టీకా మొదలుపెట్టవలెను. ఊరికి వచ్చి వేయించుకొందామని ఆగరాదు.

మాస్టారు దంపతులు ఆ తరువాత ఒక ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లి, చూడలేకపోయిన సీత ఎలియ గుడి చూచి వచ్చారు. ఈసారి బయలుదేరకముందు తామే వెళ్లి రక్తపరీక్ష చేయించుకొని, ఆ కాగితం నాకు చూపించారు. వస్తూ నాకు రణవర అనే పూల తేనీటి పొట్లం తెచ్చారు, అక్కడ మధుమేహులు ఇష్టంగా త్రాగుతారని చెప్పారు. విప్పి చూచాను. ఎండిన తంగేడు పూలు. మన ఊరి గట్టున బతుకమ్మకు కోసే పువ్వునే ఆయన విదేశంలో డబ్బిచ్చి కొన్నారు. ఇద్దరం చాలసేపు నవ్వుకొన్నాము.